వెస్ట్‌లాండ్ దారిలో ఒక చెత్త సంచీ

2025 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ దక్షిణ దీవి పడమటి తీరం వెంట, హోకిటికా నుంచి హాస్ట్ వరకు ఆరో నంబరు రహదారి మీద కారులో వెళ్లినప్పుడు, వెనుక సీటు దగ్గర ఒక చెత్త సంచీ కూడా మాతో ప్రయాణించింది. రెండు రోజుల ఖాళీ సీసాలు, బ్రెడ్ కవర్లు, తడిసిన కాగితాలు అందులో ఉన్నాయి. దాన్ని ఎక్కడ వదిలించుకోవాలా అని చూస్తూ పోవడం వల్లనే ఆ తీరంలో హిమానీనదాల కంటే చెత్త గురించి ఎక్కువ తెలుసుకున్నాను.

ఫాక్స్ గ్లేసియర్ ఊళ్లో మేము దిగిన మోటెల్ యజమానురాలు సంచీని చేత్తో ఎత్తి చూసి, "బరువు మా కౌన్సిల్‌ది, డబ్బు మాత్రం తలలెక్కన వస్తుంది" అని నవ్వింది. కౌన్సిల్ అంటే జిల్లా పాలన చూసే స్థానిక సంస్థ; అయినా ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. 2008లో వచ్చిన చట్టం ప్రకారం డంపింగ్ యార్డులో పూడ్చే చెత్త మీద 2009 జూలై నుంచి టన్నుకు 10 డాలర్ల లెవీ, అంటే ప్రభుత్వ సుంకం, ఉండేది. 2021 నుంచి అది విడతలుగా పెరిగి 2024 జూలై నాటికి ఇంటి చెత్త తీసుకునే యార్డుల్లో 60 డాలర్లకు చేరింది. ఎనిమిది టన్నుల చెత్తతో లారీ వేబ్రిడ్జి ఎక్కితే మేము వెళ్లినప్పుడు లెవీ ఒక్కటే 480 డాలర్లు అయ్యేది. ఈ వసూళ్లలో సగం కౌన్సిళ్లకు తిరిగి వస్తుంది కానీ, ఆ పంపిణీ స్థానిక జనాభాను బట్టి జరుగుతుంది. ఈ ఊళ్లున్న వెస్ట్‌లాండ్ జిల్లాలో దాదాపు 11,800 చదరపు కిలోమీటర్లకు ఉన్నది సుమారు తొమ్మిది వేల మందే; నాలాగా వచ్చి రెండు రాత్రులు ఉండి పోయేవాళ్లు ఆ లెక్కలో లేరు, వాళ్ల చెత్త మాత్రం కాటాకెక్కుతుంది. పైగా జిల్లాలో అత్యధిక భాగం ప్రభుత్వ సంరక్షణ భూమి, దాని మీద స్థానిక పన్ను దాదాపు రాదు.

పూడ్చడం ఖరీదైతే జనం వేరు చేయడం నేర్చుకుంటారన్నది లెవీ వెనుక ఉన్న తర్కం. పెద్ద నగరంలో అది పని చేస్తుంది. కానీ హాస్ట్‌లో ఖాళీ అయిన గాజు సీసా రీసైక్లింగ్ కోసం ముందు హోకిటికాకు 280 కిలోమీటర్లు, ఆపైన క్రైస్ట్‌చర్చ్‌కు కొండలు దాటి మరో 250 కిలోమీటర్లు వెళ్లాలంటే, పూడ్చకపోవడం వల్ల ఆదా అయ్యే లెవీ కంటే లారీ కిరాయే ఎక్కువవుతుంది. ఇక ఆ భారం గేటు రుసుముగానో ఇంటి పన్నుగానో జనం మీదే పడుతుంది. నేను లెవీకి వ్యతిరేకిని కాను. నాకు తప్పుగా తోచింది తిరిగిచ్చే లెక్క.

మర్నాడు గిలెస్పీస్ బీచ్‌కు వెళ్లాము. బూడిదరంగు గులకరాళ్ల మీద కొట్టుకొచ్చిన దుంగల సందున, తాడులా మెలిపడిన ఒక పాలిథిన్ కవరు ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. లాగితే పీలికలై చేతికి వచ్చింది. 2019 మార్చిలో కుండపోత వానకు ఫాక్స్ నది ఒడ్డున మూసివేసిన పాత డంపు కోతకు గురై, అందులోని చెత్త ఈ తీరమంతా పరుచుకుంటే, నెలల తరబడి వాలంటీర్లు, సైనికులు చేతులతో ఏరారు. ఎప్పుడో పూడ్చిన చెత్త కూడా మళ్లీ ఖర్చుగా తిరిగి రాగలదని అక్కడ నిలబడితే తెలుస్తుంది. అసాధారణ పరిస్థితుల్లో లెవీ మాఫీకి చట్టంలో వీలుంది కానీ, లారీకి, మనుషులకు, పూడ్చే గోతికి అయ్యే ఖర్చు ఎలాగూ తప్పదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2019లో లెవీ మొదలుపెట్టినప్పుడు 77 స్థానిక సంస్థల్లో 39ని మాత్రమే లెవీ మండలంలో చేర్చి, మారుమూల వాటిని బయట ఉంచింది. న్యూజిలాండ్‌లో అలాంటి గీత లేదు.

హాస్ట్‌లో ఇసుక ఈగల ధాటికి కారు దిగనేలేదు. సంచీని అలాగే పెట్టుకుని హాస్ట్ కనుమ దాటి వనాకా చేరి, అక్కడి చెత్తడబ్బాలో వేశాను. అది క్వీన్స్‌టౌన్-లేక్స్ జిల్లా. మా మూడు కిలోలు ఆ కౌన్సిల్ ఖాతాలో పడ్డాయి.