ఐసీయూలో ఒక హెచ్చరిక ఖరీదు

కిడ్నీలో రాయి తీయించుకుని ఇంటికి వచ్చిన మూడో రోజు సాయంత్రం చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడుతున్నాయి. మాత్ర వేసుకుని పడుకుందామనుకున్నాను. నా భార్య ఒప్పుకోలేదు. "మీకు మాట తడబడుతోందండీ, లేవండి" అని ఆటో పిలిపించింది. మూత్రంలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, సెప్సిస్ అన్నారు డాక్టర్లు. ఐసీయూలో చేర్చుకున్నారు.

మొదటి రాత్రి నాకు బాగా గుర్తున్నవి మోతలే. ఏదో ఒక మంచం దగ్గర మానిటర్ మోగుతూనే ఉంది. ఆ ఆసుపత్రిలో కృత్రిమ మేధతో నడిచే ప్రోగ్రాం కూడా ఉంది. నాడి, శ్వాస, బీపీ, రక్తపరీక్షలు కలిపి చూసి, ఎవరి పరిస్థితి దిగజారబోతోందో ముందుగా చెబుతుంది. ఒంటిగంట దాటాక నా మంచానికి హెచ్చరిక వచ్చింది. ఆ రాత్రి అప్పటికే మూడు వచ్చాయట, మూడూ ఉత్తవే. నాలుగు మంచాలు చూసుకుంటున్న సిస్టర్ అయినా వచ్చింది. నా చూపుడువేలి గోరు తెల్లబడేదాకా నొక్కిపట్టి, వదిలి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. మూడు సెకన్లు దాటినా ఎరుపు తిరిగి రాలేదు. "బాబాయ్ గారూ, కళ్లు తెరవండి" అంటూనే డ్యూటీ డాక్టర్‌ను పిలిచింది. బీపీ పూర్తిగా పడిపోకముందే సెలైన్, మరో యాంటీబయాటిక్, బీపీని నిలబెట్టే మందు మొదలయ్యాయి.

ఆరు రోజుల తర్వాత బయటపడ్డాను. సహకార బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ని, బిల్లును వరుస వరుసా చదివాను. డిజిటల్ పర్యవేక్షణకు రోజువారీ రుసుము ఉంది. అది నన్ను కాపాడింది కాబట్టి ఆ డబ్బుకు న్యాయం జరిగినట్టేనా? మంచం మీదున్న రోజుల్లో దొరికినంతా చదివాను.

మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఇలాంటి ఒక ప్రోగ్రాంను పరీక్షించిన ఫలితాలు 2021లో వచ్చాయి. సెప్సిస్ రోగుల్లో 67 శాతం మందిని అది పట్టలేదు. పైగా ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో 18 మందికి హెచ్చరిక మోగించింది. మరుసటి ఏడాది జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు వేరొక ప్రోగ్రాం గురించి మంచి ఫలితాలు ప్రకటించారు. హెచ్చరికను డాక్టరో నర్సో మూడు గంటల్లోగా చూసి నిర్ధారించిన రోగుల్లో మరణాలు తక్కువ. నాకు ఆ "మూడు గంటల్లోగా" అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. చూసే మనిషి ఖాళీగా లేకపోతే హెచ్చరిక ఉట్టి మోతే. అందుకే ప్రోగ్రాం ధర ఒక్కటే రాస్తే ఆ లెక్క తప్పు. ఉత్త హెచ్చరికలకు పరుగెత్తిన సిస్టర్ సమయం, అక్కర్లేకుండా ఇచ్చిన యాంటీబయాటిక్‌లు కూడా ఖర్చు పద్దులోకే రావాలి.

వైద్య ఆర్థికవేత్తలు ఒక చికిత్స వల్ల మంచి ఆరోగ్యంతో గడిపే సంవత్సరాలు ఎన్ని పెరిగాయి, ఒక్కోదానికి ఎంత ఖర్చయింది అని చూస్తారు. మన దేశంలోనూ ఇలాంటి మదింపు కోసం కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం 2017లో ఒక వ్యవస్థను ఏర్పాటు చేసింది. మంచి ఆరోగ్యం అన్న ఆ మాట విలువ నాకు ఇంటికొచ్చాకే తెలిసింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లలో బలం లేదు. మెట్లు ఎక్కాలంటే మా అబ్బాయి నడుం పట్టుకోవాలి. వాడు నెలన్నర జీతం లేని సెలవు పెట్టాడు. ప్రాణం దక్కినవారి జాబితాలో నా పేరు చేరిపోయింది కానీ, ఈ నెలన్నర ఏ పద్దులోనూ లేదు.

మొన్న పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టర్ గారిని అడిగాను, నెలలో ఎన్ని హెచ్చరికలు వస్తాయి, ఎన్ని నిజమవుతాయి అని. "లెక్క రాయడం లేదండీ" అన్నారు, నిజాయితీగానే. హెచ్చరికల సంఖ్య, వాటిలో నిజమైనవి, ఆ వేళ ఒక్కో సిస్టర్ చేతిలో ఉన్న మంచాలు, ఈ మూడూ రోజూ రాయమని కోరుతూ ఉత్తరం ఇచ్చి వచ్చాను. కాగితం మీద గళ్లు కూడా నేనే గీసి జతచేశాను. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి, అప్పుడు అడుగుతాను.