ఓపీ చీటీ మీద ‘కాలు జారి పడింది’ అని రాసే ముందు

ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషిని ఆస్పత్రికి తెస్తే, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగేది ఆమెనే: ‘ఏమైందమ్మా?’ జవాబు మాత్రం పక్కనున్న భర్తో అత్తగారో చెబుతారు. ‘బాత్‌రూమ్‌లో కాలు జారి పడిందండీ.’ ఆమె తలూపుతుంది, డాక్టరు అదే రాస్తాడు. రేపు కేసంటూ నడిస్తే అవతలి లాయరు కోర్టులో చదివి వినిపించేది ఆ మూడు ముక్కలే.

అందుకే రక్తం ఆగగానే చేయాల్సిన పని, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టడం. దానికి గొడవ పడక్కర్లేదు, ‘ఎక్స్‌రే గదిలోకి పేషెంటొక్కరే’ అంటే సరిపోతుంది. పుట్టింటివాళ్లు వచ్చినా బయటే ఉండాలి, నర్సు తోడుంటే చాలు. ‘ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?’ అని అడిగితే ‘మామూలేనండీ’ అని వస్తుంది. సూటిగా అడగాలి: ఎవరైనా కొట్టారా? ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా? ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉందా?

గొంతు సంగతి ప్రత్యేకంగా అడగడానికి కారణముంది. మెడ నులిమినా చాలాసార్లు పైకి మచ్చ కనబడదు. గొంతు బొంగురు పోవడం, మింగితే నొప్పి, కనురెప్పల లోపల ఎర్రటి చుక్కలు, ఆ సమయంలో స్పృహ తప్పడం, బట్టల్లోనే మూత్రం పోవడం, ఇవి వెతకాలి. మెడలోని రక్తనాళం లోపలి పొర చీలితే పక్షవాతం కొన్ని గంటలకో రోజులకో రావచ్చు. ఇలాంటి లక్షణాలుంటే మెడకు సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) తీయించి, ఆ రాత్రి వార్డులోనే ఉంచాలి. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ప్రాణం పోయే ముప్పు చాలా ఎక్కువ. పారాసిటమాల్ రాసి పంపించే కేసు కాదిది.

చెంపదెబ్బనైతే ఎవరూ లెక్కలోకే తీసుకోరు. కుడిచేతివాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే తగిలేది ఎడమ చెవికి. అరచెయ్యి చెవిని మూసేసిన క్షణంలో లోపలి గాలి ఒత్తిడికి కర్ణభేరి చిరుగుతుంది. ‘చెవిలో గుయ్యిమంటోంది, సరిగా వినబడట్లేదు’ అంటుందామె. ఇక్కడ జరిగే తప్పు, చెవి కడిగి చుక్కలమందు వేయడం. చిరిగిన చెవిని పొడిగా ఉంచాలి. తలస్నానమప్పుడు వాసెలిన్ రాసిన దూది పెట్టుకోవాలి. చాలా చిరుగులు కొన్ని వారాల్లో వాటంతటవే మూసుకుపోతాయి. అది వైద్యానికి మంచిదే కానీ సాక్ష్యానికి చేటు. ఒటోస్కోపుతో (చెవి లోపల చూసే పరికరం) చూసి చిరుగు ఎక్కడుందో బొమ్మ గీయడం, వినికిడి పరీక్ష చేయించడం మొదటి రోజుల్లోనే జరగాలి.

ఇక రాత. ‘ఒంటి మీద దెబ్బలు’ అని రాస్తే దేనికీ పనికిరాదు. ‘ఎడమ ముంజేయి, చిటికెనవేలి వైపు, మోచేతికి 6 సెం.మీ. కింద, 4 × 2 సెం.మీ. కమిలిన గాయం’ అని రాస్తే, దెబ్బ కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టిందన్న సంగతి ఆ కాగితమే చెబుతుంది. రంగును చూసి ఇన్ని రోజుల నాటిదని ఖాయంగా తేల్చేయొద్దు. మానుతున్న దశలు వేరువేరుగా ఉన్నాయని రాస్తే చాలు. లోతు దెబ్బ పైకి కమలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. 48 గంటల తర్వాత మళ్లీ రమ్మని, కొత్తగా తేలినవి కూడా చేర్చాలి. ఎవరు, ఎప్పుడు, దేనితో కొట్టారన్నది ఆమె చెప్పినట్టే రాయాలి. పన్ను కదిలిందా, విరిగిందా అన్నది చూడటం మర్చిపోతుంటారు. భారతీయ న్యాయ సంహిత 116 ప్రకారం ఎముక విరిగినా పన్ను విరిగినా తీవ్ర గాయమే. ఆ ఒక్క పన్ను రాయకపోతే పెట్టే సెక్షనే మారిపోతుంది.

గర్భిణి అయితే, పొట్టకు దెబ్బ తగలలేదన్నా, ఐదు నెలలు నిండి ఉంటే బిడ్డ గుండె చప్పుడు కనీసం నాలుగు గంటలు గమనించాలి. రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షను 72 గంటల్లోపు పడాలి.

‘ముందు స్టేషన్‌కెళ్లి రండి’ అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. అది తప్పు. 2005 నాటి గృహ హింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల్లో 17వది చూడండి. గృహ హింస సంఘటన నివేదిక లేదని వైద్యం నిరాకరించకూడదు. అది లేకపోతే ఆస్పత్రే ఆ నివేదిక నమూనా అయిన ఫారం 1 నింపి ప్రొటెక్షన్ ఆఫీసరుకు (ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే అధికారి) పంపాలి. పరీక్ష నివేదిక నకలు ఆమెకు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. నకలు అడిగితే విసుక్కునే గుమస్తాకు ఈ నిబంధన నంబరు చెప్పండి.

ఆ రాత్రి ఇంటికెళ్లలేనంటే ‘అబ్జర్వేషన్’ పేరుతో బెడ్ ఇవ్వడంలో తప్పేమీ లేదు. తెల్లారాక సఖి కేంద్రానికి (హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపేది) పంపొచ్చు. అక్కడ ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, కౌన్సెలింగూ లాయరు సాయమూ అక్కడే. ఇంటికే వెళ్తానంటే తిట్టొద్దు. భర్త ఫోన్ చూస్తాడేమో అడగండి. చూస్తాడంటే మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోన్లో కాకుండా మందుల కవరు మీద, మోతాదు పక్కన రాసివ్వండి. కాగితాలు పుట్టింట్లోనో నమ్మకమైన పక్కింటావిడ దగ్గరో దాచమనండి. ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) నంబరు మాత్రం ఆమెకు నోటికి రావాలి. చీటీ చింపేసినా, ఆ నంబరుతో ఆస్పత్రి రిజిస్టర్‌లో వెతికించొచ్చు.