ఉడుత గోరు, టవల్ పోగు

గాయపడిన, తల్లి దూరమైన అడవి జంతువుల్ని సాకి తిరిగి వదిలే వన్యప్రాణుల పునరావాస కేంద్రానికి మొదటిసారి వెళ్లినప్పుడు రెండు పెద్ద సంచుల నిండా పాత టవళ్లు పట్టుకెళ్లాను. ఉతికి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి మరీ. అక్కడ పనిచేసే ఆవిడ సంతోషంగానే తీసుకున్నారు కానీ ఒక్కో టవల్‌నీ వేళ్లతో తడిమి చూసి రెండు కుప్పలుగా వేయడం మొదలుపెట్టారు. నేను మంచివి అనుకున్న మందపాటివన్నీ ఒక కుప్పలోకే పోయాయి. అవి నేల తుడవడానికట, జంతువుల పిల్లల పక్కల్లోకి పనికిరావట.

ఎందుకండీ అని అడిగితే ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. ఉడుత పిల్ల వెనక కాలు. టవల్ మీద ఉంగరాల్లా లేచి ఉండే పోగుల్లో గోరు ఇరుక్కుంది, అది గింజుకున్నకొద్దీ ఒక దారం వేలి చుట్టూ బిగుసుకుపోయింది. ఆ దారం కంటికి ఆనడం లేదు, వాచి నల్లబడిన వేలు మాత్రం కనిపిస్తోంది. రాత్రికి రాత్రి ఎవరూ గమనించకపోతే రక్తం ఆడక ఆ వేలు పోతుంది. వేలు పోయిన ఉడుత చెట్టెలా ఎక్కుతుంది? ఇంటికొచ్చాక కూడా ఆ ఫొటో చాలాసేపు నన్ను వదల్లేదు.

అందుకే వాళ్లు చలికోట్లకి వాడే మెత్తటి ఫ్లీస్ బట్ట అడుగుతారు, లేదంటే పాత టీషర్టులు, మెత్తటి దుప్పట్లు. పోగులు లేవకూడదు, చిరుగులు ఉండకూడదు (తల దూర్చి ఇరుక్కుంటాయి), గుండీలు, జిప్పులు ముందే కత్తిరించేయాలి. నాకు ఇవేవీ తెలియవు. వెళ్లేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది.

పాలది మరో కథ. పిల్ల దొరికిందంటే చాలామంది జాలిపడి ఇంట్లో ఉన్న ఆవు పాలు పట్టేస్తారు, అవి చాలా అడవి జంతువుల పిల్లలకు పడవు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతుంది. కేంద్రాల్లో ఆయా జాతి తల్లి పాలకు దగ్గరగా ఉండేలా తయారుచేసిన పాలపొడి వాడతారు, అది కూడా ఏ పిల్లకి ఏది అనేది వాళ్లే తేల్చాలి. కాబట్టి పాలపొడి ఇవ్వాలనిపిస్తే వాళ్లని అడిగి డబ్బా మీద ఉండే పేరు అక్షరం పొల్లుపోకుండా రాసుకుని కొనండి, లేదా డబ్బే ఇచ్చేయండి.

ఆ పాలు పట్టేది సూది లేని 1 మి.లీ. సిరంజీతో. చుక్క చుక్కగా. కొంచెం తొందరపడితే పిల్లకి పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా వస్తుంది. సిరంజీలు ఎన్ని ఉన్నా ఎందుకు చాలవో కూడా అప్పుడే తెలిసింది. పదే పదే కడిగేసరికి లోపలి రబ్బరు బిగుసుకుపోతుంది, నొక్కితే ముందు కదలదు, తర్వాత ఒక్కసారిగా జారి పాలు చిమ్ముతుంది. అరచేతిలో ఇమిడే ప్రాణానికి ఆ ఒక్క చిమ్ము చాలు.

మిగతావన్నీ మనకి గుర్తురాని వస్తువులే. పిల్లలు పుట్టే కాలంలో చిన్న పక్షి పిల్లలకి తెల్లవారింది మొదలు చీకటిపడే దాకా అరగంటకోసారి, కొన్నింటికి అంతకంటే తరచుగా, తిండి పెడుతూనే ఉండాలి, పెట్టిన ప్రతిసారీ అవి పాడు చేస్తూనే ఉంటాయి. అంటే డిటర్జెంట్, గ్లవ్స్, పేపర్ టవళ్లు, చెత్త సంచులు, పాత న్యూస్‌పేపర్లు. చెత్త సంచుల కట్ట పట్టుకెళ్లి ఇవ్వాలంటే మొదట్లో నాకు ఏదోలా ఉండేది, కానీ అవి అయిపోయిన రోజున అక్కడివాళ్లు పడే టెన్షన్ చూశాక ఆ మొహమాటం పోయింది.

అవసరం ఎప్పుడూ ఒకేలా ఉండదు కూడా. 2015 జనవరిలో ఆస్ట్రేలియాలో కార్చిచ్చులకి కోలాల పాదాలు కాలిపోతే, కట్టు మీద తొడగడానికి నూలు తొడుగులు కుట్టి పంపమని ఐఫా (IFAW) అనే జంతు సంక్షేమ సంస్థ అడిగింది. ప్రపంచం నలుమూలల నుంచీ ఎన్ని వచ్చిపడ్డాయంటే, కొద్దిరోజుల్లోనే ఇక ఇవి చాలు, తల్లి లేని కంగారూ పిల్లలకి సంచులు కుట్టండి అని చెప్పాల్సి వచ్చింది. పోయిన నెల జాబితా ఈ నెలకి పనికిరాకపోవచ్చు. మళ్లీ అడగాలి, ప్రతిసారీ అడగాలి.

ఇంకొకటి. ఇన్ని ఇచ్చాం కదా, ఒక్కసారి లోపలికెళ్లి చూస్తాం అని పట్టుబట్టకండి. మనుషులంటే భయం పోయిన జంతువు బయట బతకదు, అందుకే అక్కడివాళ్లు కూడా వాటి ముందు వీలైనంత తక్కువ మాట్లాడతారు. నాకూ చూడాలనే ఉంటుంది. అయినా గేటు దగ్గరే ఇచ్చి వచ్చేస్తాను.

పోయినసారి ఫోన్ చేస్తే గ్రాము తేడా కూడా చూపించే చిన్న త్రాసు కావాలన్నారు, ఉన్నది పాడైందట. మందు మోతాదు బరువుని బట్టే వేయాలి, పిల్ల కోలుకుంటోందా లేదా అన్నది కూడా రోజూ బరువు చూస్తేనే తెలుస్తుంది. మర్నాడే తీసుకెళ్లి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత ఆవిడ ఒక ఫొటో పంపారు. త్రాసు మీద చిన్న ఫ్లీస్ మూట, అందులోంచి బయటికి ఒక తోక కొస, పక్కన నోటు పుస్తకంలో పెన్నుతో రాసిన రెండు అంకెలు: నిన్న 41, ఇవాళ 43.