రెండో ఆల్బమ్, అరవై రెండో నిమిషం

మొదటి ఆల్బమ్ మాకు తెలియకుండానే అయిపోయింది. సైనిక్‌పురిలో మేడ మీది గది, ముగ్గురం, రెండు సింథసైజర్లు, ఒక డ్రమ్ మెషీన్, ఒక కంజీర. తోచింది వాయించి, బాగున్నవి ఏరి పెట్టేశాం. రెండోదానికొచ్చేసరికి నాకు తెలివి ఎక్కువైంది. ఈసారి అంతా రాసుకుని వాయిద్దామన్నాను.

"అట్లయితే మనమెందుకన్నా, లాప్‌టాపే వాయిస్తది" అన్నాడు కంజీర తమ్ముడు. ముక్తాయింపు (ఒకే జతిని మూడుసార్లు వాయించి ముగించడం) ఎక్కడ పడాలో తెలిసినోడే మధ్యల తిరుగుతడని వాడి వాదన. సరే, శ్రుతి, టెంపో మాత్రం ముందే అనుకున్నాం. మిగతాదంతా అప్పటికప్పుడు.

మే నెల. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను కూడా కట్టేశాం. మూడో రాత్రి, గంట కావస్తుండగా, బేస్ ఒకే స్వరం మీద నిలబడిపోయింది. డ్రమ్ మెషీన్ నాలుగు కొడుతుంటే కంజీర మిశ్రంలోకి, అంటే ఏడు లెక్కలోకి దిగింది. ఎవరం తలెత్తలేదు. చెమట నాబ్‌ల మీద పడుతోంది.

మర్నాడు వింటే సరిగ్గా 62 నిమిషాలకు ఫైలు ఆగిపోయింది! ఎనిమిది ట్రాకులు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అంటే గంటకు 4 జీబీ పైమాటే. వేవ్ అనే ఈ ఆడియో ఫైలు తన సైజును 32 బిట్ల అంకెలో రాసుకుంటుంది కాబట్టి 4 జీబీ దాటితే పట్టదు. అక్కడ ఇంకో ఫైలు తెరుచుకోవాలి. మా పాత రికార్డర్ తెరవలేదు. ముక్తాయింపు గాలికి పోయింది. మళ్లీ వాయిద్దామని రెండు రాత్రులు కూర్చున్నాం. మమ్మల్ని మేమే మిమిక్రీ చేస్తున్నట్టుంది.

ఆ రోజుల్లోనే జర్మనీ త్రయం హార్మోనియా రెండో ఆల్బమ్ 'డీలక్స్' మళ్లీ పట్టుకున్నాను. 1974లో వచ్చిన మొదటిది వీజర్ నది ఒడ్డున ఫోర్స్ట్‌లో వాళ్లుండే చోటే చేసుకున్నారు. 1975 నాటి రెండోదానికి డ్రమ్మర్ మానీ నాయ్‌మయర్, ఇంజినీర్ కోనీ ప్లాంక్ తోడయ్యారు. లయ ఎంత గట్టిపడిందో విన్నవాళ్లకు తెలుస్తుంది. మాక్కూడా బయటి చెవి కావాలనిపించి, మిక్సింగ్ చేసే స్నేహితురాలికి పదకొండు గంటల సరుకూ ఇచ్చేశాం.

41 నిమిషాలు మిగిల్చింది. నాకు ప్రాణమైన సోలో ఎత్తేసింది (ఇంకా కోపమే). ఆ తెగిన ముక్కని మాత్రం చివర పెట్టి, తెగినచోటే వదిలేసింది. "అతికించకండి" అంది.

ఇప్పటికీ అది ఆగిపోగానే, తమ్ముడి వేళ్లు టేబుల్ మీద ముక్తాయింపు మూడుసార్లూ పూర్తి చేస్తాయి.