పిడుదు పట్టిందని కిరసనాయిలు పొయ్యకండి

"ఆగు మావయ్యా, కిరసనాయిలు పొయ్యకు!" అని అరిచేసరికి సీసా ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది.

పాప చెవి వెనక, సరిగ్గా జుట్టు మొదట్లో పిడుదు. బూడిదరంగులో శనగగింజంత ఉబ్బి ఉంది. సెలవులు కదా, పర్లాకిమిడి అవతల కొండవాలులో రోజూ మేకల వెంటే తిరుగుతోంది.

సన్న పట్కారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా మెల్లగా నిలువుగా లాగాను. మొత్తం ఊడొచ్చింది. సబ్బుతో కడిగాం.

కిరసనాయిలు పోసినా, అగ్గిపుల్లతో కాల్చినా అది తన ఉమ్ముని మన ఒంట్లోకే కక్కే ప్రమాదం ఉంది. ఇంకోటి, ఆవు పొదుగు నుంచి తీసి గోటితో నలిపేస్తుంటారు చూడండి, నాకు ఒళ్లు జలదరిస్తుంది. 2011లో గుజరాత్‌లో బయటపడ్డ క్రిమియన్ కాంగో జ్వరం, అంటే పిడుదుల నుంచి వచ్చే ప్రాణాంతక వైరస్ జబ్బు, అలా నలిపినప్పుడు కూడా అంటుకోగలదు. దయచేసి మానండి.

రెండు వారాలు పాపని కనిపెట్టి ఉండమని అత్తకి చెప్పాను. జ్వరం, తలనొప్పి, దద్దుర్లు, ఏది వచ్చినా డాక్టరుకి ముందు పిడుదు సంగతే చెప్పాలి. పిడుదు కాటుతో వచ్చే టైఫస్ జ్వరం అయితే డాక్సీసైక్లిన్ అనే మందుకి లొంగుతుంది, కానీ ఆలస్యం చెయ్యకూడదు.

కొండకెళ్తే నిండు ప్యాంటు, మేజోళ్లు వేసుకోండి. రాగానే స్నానం చేయించి పిల్లల చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో వెతకండి. మేకలకి మందు కోసం రేపు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్తానని మావయ్య ఒప్పుకున్నాడు.