బడి ఆవరణలో మా అబ్బాయి నడిపిన బస్సు

విశాఖపట్నంలో డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే ఆకాశమంతా చప్పుడే. 1971 యుద్ధంలో కరాచీ నౌకాశ్రయంపై మన నౌకాదళం జరిపిన దాడికి గుర్తుగా 4వ తేదీన నేవీ డే జరుపుతారు. దాని విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాదుల్లో, అంతకు ముందు రోజుల్లో సాయంత్రం పూట రామకృష్ణా బీచ్ మీదుగా యుద్ధవిమానాలూ హెలికాప్టర్లూ సాధన చేస్తుంటాయి. ఊరంతా పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకుని ఆ విన్యాసాలు చూడటానికి వెళ్లే వేళకు, నేను మా అబ్బాయిని వెనక గదిలోకి తీసుకెళ్లి, కిటికీలు మూసి, వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. వాడికి 11 ఏళ్లు. ఆటిజం ఉంది. మన చెవులకు హోరుగా వినిపించి పోయే శబ్దం వాడికి ఒంటి మీద పడ్డ దెబ్బలా తగులుతుంది. 1992లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సరిగ్గా నేవీ డేకి ముందు రోజే, 3వ తేదీన వస్తుంది.

మూడేళ్ల కిందట ఆ రోజున ఒక బడిలో ఏర్పాటు చేసిన సభకు వాడిని తీసుకెళ్లాను. ఉదయం తొమ్మిదిన్నరకే పిల్లల్ని వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. అతిథులు వచ్చేసరికి పదకొండు దాటింది. మాట్లాడిన ప్రతి ఒక్కరూ ఈ పిల్లలు దేవుడి బిడ్డలనీ, వీరిని చూసి మనం జాలిపడాలనీ చెప్పారు. మధ్యలో మైకు కీచుమని అరవగానే మా వాడు రెండు చెవులూ గట్టిగా మూసుకుని బల్ల కిందికి దూరిపోయాడు. ఆపిల్ పళ్లూ దుప్పట్లూ పంచి ఫొటోలు తీసుకుంటున్న సమయంలో నేను వాడిని ఎత్తుకుని పక్క గేటులోంచి బయటికి వచ్చేశాను. ఎవరో వెనక నుంచి పరుగెత్తుకొచ్చి చేతిలో పెట్టిన దుప్పటి ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండానే ఉంది. ఆ సభ నిర్వహించినవారి మంచితనాన్ని నేను ఏనాడూ శంకించలేదు. కానీ ఎవరి పేరిట ఆ వేడుక జరిగిందో ఆ పిల్లలు చేయడానికి అందులో ఒక్క పని కూడా లేకపోయింది. అది నన్ను చాలాకాలం బాధపెట్టింది.

ఆ తరువాతే నేను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని శ్రద్ధగా చదివాను. 1995 చట్టంలో 7గా ఉన్న వైకల్యాల జాబితాను 21కి పెంచి, ఆటిజాన్ని కూడా అందులో చేర్చిన చట్టమిది. ప్రభుత్వ నిధులతో నడిచే బడులూ, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులూ ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని చెప్పే 16వ సెక్షనులోనే, చదువుతో పాటు ఆటల్లోనూ వినోద కార్యక్రమాల్లోనూ ఇతర పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలన్న మాట కూడా ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని ప్రతి బడిలోనూ ఉపాధ్యాయుల గది గోడకు అంటించాలని నా కోరిక.

ఇప్పుడు మా వాడు మద్దిలపాలెం వైపున్న ఒక బడిలో ఐదో తరగతి చదువుతున్నాడు. ఈసారి దినోత్సవానికి నెల ముందే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పనిచేసే రిసోర్స్ టీచరు మాలాంటి తల్లిదండ్రులందరినీ పిలిచి కూర్చోబెట్టారు. వాడికి డ్యాన్సు వచ్చా, పాట వచ్చా అని ఆమె అడగలేదు. "ఎవరూ చెప్పకుండా మీ బాబు రోజూ తనంతట తాను చేసే పని ఏమిటమ్మా?" అని అడిగారు. వాడు బస్సుల నంబర్లు చదువుతాడని, కిటికీ దగ్గర కూర్చుని స్టాపుల పేర్లు వరసగా చెప్పుకుంటాడని, ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడని చెప్పాను. ఇన్నేళ్లుగా మేము మాన్పించాలని చూసిన అలవాటు అది. ఆమె మాత్రం దాన్ని చక్కగా పుస్తకంలో రాసుకున్నారు. ఆ రాతలోంచే బస్సు ఆట పుట్టింది.

ఏర్పాట్ల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ రోజు బాగా జరగడానికి అవే కారణం. విమానాల సాధన సాయంత్రం పూట కనుక కార్యక్రమాన్ని ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించాలని నిర్ణయించారు. మొదట కొందరు బీచ్‌లో జరుపుదామన్నారు గానీ, చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడిపోతుంది కాబట్టి బడిలోనే సిమెంటు చేసిన ఆవరణను ఎంచుకున్నారు. మైకు పెట్టలేదు. చప్పట్లకు బదులు, వినికిడి లోపం ఉన్నవారు చేసినట్టుగా రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించాలని మిగతా తరగతుల పిల్లలకు వారం రోజుల పాటు ప్రార్థన సమయంలో నేర్పారు. అలసిపోయిన పిల్లలు ఎవరినీ అడగకుండా వెళ్లి పడుకోవడానికి లైబ్రరీ గదిలో చాపలు పరిచారు. మా వాడి కోసం ఆ రోజు జరగబోయే పనులన్నిటినీ ఒక అట్ట మీద బొమ్మలుగా అతికించారు: గేటు, వరస, బస్సు, నీళ్లు, పరుగు, ఇల్లు. ఒక్కో పని అయిపోగానే ఆ బొమ్మను పీకి పక్కనున్న సంచిలో వేయాలి. తరువాత ఏం జరుగుతుందో కంటికి కనబడుతూ ఉంటే ఇలాంటి పిల్లల భయంలో సగం తగ్గుతుంది.

ఆట చాలా చిన్నది. పొడవాటి తాడు లోపల పన్నెండు మంది పిల్లలు బస్సులా నిలబడ్డారు. ముందు చక్రాల కుర్చీలో కూర్చున్న ఏడో తరగతి అమ్మాయి డ్రైవరు. మెడలో సంచి, చేతిలో రంగు కాగితాల టికెట్లతో మా వాడు కండక్టరు. ఆవరణ చుట్టూ సుద్దతో స్టాపులు గీశారు. "మద్దిలపాలెం... ఇసుకతోట... వెంకోజీపాలెం... హనుమంతవాక..." అని వాడు ఎవరి ముఖమూ చూడకుండా, ఒకే స్వరంతో, ఒక్క అక్షరం తడబడకుండా చెబుతుంటే, పిల్లలు దిగుతూ ఎక్కుతూ ఉన్నారు. ఇసుకతోట దగ్గర ఒక పిల్లవాడు దిగడం మరిచిపోతే బస్సు కదలనివ్వలేదు. హనుమంతవాక దగ్గర ప్రధానోపాధ్యాయినిగారు ఎక్కబోతే చెయ్యి చాపి "టికెట్" అన్నాడు. ఆవిడ ఎంతో వినయంగా "ఒక మధురవాడ టికెట్ ఇవ్వు బాబూ" అన్నారు. వాడు కాగితం చింపి ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టుకున్నాడు. రెండు వందల మంది పిల్లలు చప్పుడు లేకుండా చేతులు పైకెత్తి వేళ్లు ఆడించినప్పుడు నాకు కళ్లు మసకబారాయి. వాడు మాత్రం అట్ట దగ్గరికి వెళ్లి బస్సు బొమ్మ పీకి సంచిలో వేశాడు.

పరుగు పందాలు కూడా పెట్టారు, అయితే వయసును బట్టే వరసలు కట్టలేదు. 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్‌లో ముందుగా ఒకసారి పరుగెత్తించి చూసి, ఇంచుమించు సమానమైన సామర్థ్యం ఉన్నవారిని ఒక జట్టుగా చేసి పోటీ పెడతారు. మా బడిలోనూ అదే పద్ధతి పాటించారు. ఓడిపోవడానికీ గెలవడానికీ ఇద్దరికీ నిజమైన అవకాశం ఉంటేనే అది పందెం అవుతుంది. అందరికీ ఒకే మెడల్ ఇచ్చి పంపే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. పిల్లలకు ఆ తేడా తెలుస్తుంది. వరంగల్ జిల్లా కల్లెడ అనే పల్లెలో పుట్టిన దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలుచుకుంది. ఆమె పరుగును కూడా మొదట గమనించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే.

జనవరిలో సంక్రాంతి ముగ్గుల పోటీ ఉంది. పిండి వేళ్లకు అంటితే భరించలేని పిల్లలు ఎవరెవరో రాసి ఇమ్మని టీచరు కాగితం పంపారు. వారికి ముగ్గు గొట్టాలు తెప్పిస్తారట. చూపు లేని ఒక అమ్మాయి కోసం చుక్కల స్థానంలో చింతపిక్కలు అతికించిన ముగ్గు తయారవుతోంది, వేలితో తడుముతూ గీత కలుపుకోవచ్చని. ఆ పిక్కలు కడిగి ఎండబెట్టే పని మా ఇంటికి వచ్చింది. మా వాడు నిన్నటి నుంచి వాటిని పదేసి చొప్పున వరసలు పెడుతున్నాడు.