నల్లగొండలో గాలానికి చోటు వెతుక్కోవడం

బదిలీ మీద నల్లగొండకు వచ్చిన కొత్తలో ఇల్లు, పాలు, పిల్లల బడి వంటివన్నీ త్వరగానే కుదిరాయి కానీ, ఆదివారం పొద్దున్నే గాలం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. ఈ జిల్లాలో నీళ్లకు కొదవ లేదు. దక్షిణాన నాగార్జునసాగర్ ఉంది, పట్టణాన్ని ఆనుకొని పానగల్ ఉదయ సముద్రం ఉంది, ఊరూరా చెరువులూ కుంటలూ ఉన్నాయి. అయితే నీళ్లున్న ప్రతిచోటా చేప గాలానికి తగలదు, తగిలిన ప్రతి చేపా మనది కాదు.

ముందుగా ఆ రెండో సంగతి చెప్పుకోవాలి. తెలంగాణలో చాలా చెరువుల మీద చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘాలకు ఉంటుంది. ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత చేప పిల్లల పథకం కింద వచ్చిన పిల్లలను చెరువులో వదిలేదీ, కాపలా కాసేదీ, అవి పెరిగాక వల వేసేదీ సంఘం సభ్యులే కనుక, ఆ నీటిలోని బొచ్చె, రవ్వ, బంగారు తీగ వాళ్ల కష్టార్జితం. అందువల్ల నేను ఏ ఊరికి వెళ్లినా గాలం బండిలోనే ఉంచి, సంఘం పెద్దను కలిసి, నాకు కావలసింది కొర్రమట్ట, జెల్ల, జిలేబి (తిలాపియా) చేపలు మాత్రమేననీ, పెంపుడు చేప పడితే వదిలేస్తాననీ, తీసుకెళ్లే చేపకు కిలో ధర ఇస్తాననీ చెబుతాను. కొందరు ఒప్పుకోరు. అక్కడ వాదన పెట్టుకోకుండా వెనక్కి రావడమే మర్యాద. ఒప్పుకున్నవారు మాత్రం అనుమతితో ఆగరు, ఎక్కడ కూర్చోవాలో కూడా వాళ్లే చూపిస్తారు. ‘‘ఆ తూము కాడ దండగ సారూ, జమ్ము ఉన్న దిక్కు పో’’ అని ఒక పెద్దాయన చెప్పిన మాట, నేను అంతకుముందు ఫోన్‌లో చూసిన వీడియోలన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

చోట్ల గురించి తెలుసుకోవడానికి చేపల మార్కెట్ కూడా మంచి దారే. కొనేవాడిగా నిలబడి ‘‘అన్నా, ఇది ఏ చెరువుది?’’ అని అడిగితే ఎవరూ దాచరు. నాచు, తుంగ దట్టంగా ఉన్న నీటిలో పెరిగిన కొర్రమట్ట నల్లగా నిగనిగలాడుతుంది, మట్టినీటిలో పెరిగినది కాస్త పాలిపోయి ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పిన ఊరి పేరును ఆ రంగుతో కలిపి చూస్తే చెరువు ఎలా ఉంటుందో కొంత ఊహించవచ్చు. ఆ తర్వాత ఉపగ్రహ పటంలో అదే చెరువు ఎండాకాలపు చిత్రం తెరిచి చూడాలి. చెరువుల పునరుద్ధరణ పథకమైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన గుంతలూ, పాత వాగు పారిన దారీ నీళ్లు తగ్గిన చిత్రంలోనే బయటపడతాయి.

ఉదయ సముద్రం పద్ధతి వేరు. కందూరు చోడుల కాలం నాటి ఈ చెరువు ఇప్పుడు ఎత్తిపోతల కాలువకు జలాశయంగా పనిచేస్తోంది. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీరు అక్కంపల్లి మీదుగా ఇక్కడికి చేరుతుంది కాబట్టి, వాన పడకపోయినా నీటిమట్టం మారుతూ ఉంటుంది. కాలువ నీరు వచ్చి కలిసే చోట చిన్న పరకలు గుమిగూడతాయి, వాటి వెంట పెద్దవి వస్తాయి. గాలి ఏ ఒడ్డుకు కొడుతుందో ఆ ఒడ్డున కూర్చోవడం మేలు, ఎందుకంటే తేలే మేతంతా అటే చేరుతుంది, కాకపోతే బెండు కుదురుగా నిలవక కళ్లు నొప్పి పుడతాయి. చేప పడని రోజు దగ్గరలోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లి రావచ్చు. ఇంట్లోవాళ్లను వెంట తీసుకురావడానికి నాకు అది మంచి సాకు.

నా అసలు ఆశ కొర్రమట్ట మీదే. మన రాష్ట్ర చేప అయిన ఈ జీవి నీటిలోని ప్రాణవాయువుతో సరిపెట్టుకోలేక, మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగుతుంది. అందుకే కొత్త చెరువు దగ్గరకు వెళ్లగానే గాలం వేయకుండా, కట్ట మీద చప్పుడు చేయకుండా కొంతసేపు కూర్చుని, తామరాకుల మధ్య ‘గుబుక్’మని నీరు ఎక్కడ కదిలిందో చూడాలి. ఒకే చోట రెండుమూడుసార్లు కదిలితే అది దాని స్థావరమే. ఆకుల మీదుగా ఎరగా కట్టిన రబ్బరు కప్పను మెల్లగా లాగితే వెనుక నుంచి వచ్చి కొడుతుంది. కొట్టిన వెంటనే లాగకుండా ఒక్క క్షణం ఆగాలి. సన్నటి తంగూసు ఇక్కడ పనికిరాదు, గట్టి అల్లిక దారం ఉండాలి, లేకపోతే జమ్ములో దూరి తెంపుకుని పోతుంది. వానాకాలంలో నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే దాని కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు ఏది వేసినా ఆ కోపంలో పట్టేస్తాయి కనుక చాలామంది అక్కడే గాలం వేస్తారు. పెద్దవి పోతే పిల్లలను మిగతా చేపలు మిగలనివ్వవు. అలాంటి చోట గాలం వేయడం నాకు సమ్మతం కాదు.

జిలేబికి ఇంత శ్రమ అక్కరలేదు. లోతు తక్కువ ఉన్న ఒడ్డున గుండ్రటి గుంతలు కనిపిస్తే అవి వాటి గూళ్లే, ఆ చుట్టుపక్కల ఎర్రను (వానపామును) గానీ పిండిముద్దను గానీ వేస్తే పిల్లలు కూడా పట్టగలరు. జెల్ల చీకటి పడ్డాక రాతి కట్టు వెంట దొరుకుతుంది. దాని రెక్కముల్లు గుచ్చుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు కాబట్టి తువ్వాలుతో పట్టుకుని కొక్కెం తీయాలి.

దూరం వెళ్లే ఓపిక ఉంటే శ్రీశైలం దారిలో డిండి జలాశయం ఉంది, మహబూబ్‌నగర్ వైపు పెద్దవాగు మీద కోయిల్‌సాగర్ ఉంది. కృష్ణ మీది జూరాల జలాశయం దిగువన మొసళ్లు కనిపిస్తుంటాయి కనుక అక్కడ నీళ్ల అంచున కూర్చోకూడదు. సాగర్ ఒడ్డున లోతు ఎక్కువ, నా కర్రకు అందేది తక్కువ. పైగా ఎగువన అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దులు మొదలవుతాయి, అటు గాలంతో వెళ్లకూడదు. మూసీలో హైదరాబాద్ మురుగు కలుస్తుంది కాబట్టి ఆ చేపను నేను ఇంటికి తేను.

ప్రస్తుతం ఎండాకాలంలో ఉదయ సముద్రం కాలువ మొగదలకూ, చలికాలంలో ఎండ ఎక్కాక ఊరి కుంటలకూ వెళ్తున్నాను. మంచి వాన పడి చెరువులు అలుగు పోసినప్పుడు చేపలు ఎదురెక్కుతాయి, అప్పుడు ఊరంతా వలలతో, బుట్టలతో అలుగు దగ్గరే ఉంటుంది. ఆ వారం నేను గాలం తీయను, వాళ్ల దగ్గరే కొనుక్కుంటాను.